కృష్ణా నీళ్లు, రెండు కంచాలు, ఒక షుగర్ మీటర్

పోయిన నెల లంచ్ టైములో మా టీములో కుర్రాడొకడు బాక్సు తెరవకుండానే నా పక్కకొచ్చి కూచున్నాడు. "అన్నా, నీకు షుగర్ ఎన్నేండ్ల సంది ఉన్నది?" అనడిగాడు. పదేళ్లు దాటిందన్నాను. కాసేపు ఫోను తిప్పుతూ కూర్చుని, "వదినకు ఎట్ల చెప్పినవ్?" అన్నాడు.

అప్పుడర్థమైంది విషయం. పిల్లాడిది మక్తల్ దగ్గర పల్లె. భార్యది కలకత్తా. ఇద్దరూ పాత కంపెనీలో కలిసి పనిచేశారు, పెళ్లై మూడేళ్లు. కంపెనీ హెల్త్ చెకప్ రిపోర్టు రెండు వారాలుగా వాడి ఫోనులోనే ఉంది. ఎందుకు చెప్పలేదురా అంటే, "మా అమ్మకు తెలిస్తే కోడలు చేసే మిఠాయిల వల్లనే వచ్చిందంటది. వాళ్ల అమ్మకు తెలిస్తే మీ ఇంట్ల ఉన్న జబ్బు మాకు చెప్పకుండ పెళ్లి చేసిన్రంటది. నడుమ ఆమె నలుగుతది" అన్నాడు.

ఈలోపు మా డ్యామేజరు గారి కాల్ వచ్చింది. రెండు ముక్కల్లో ఏదో చెప్పి లేచాను. అసలు జవాబు రెండు ముక్కల్లో అయ్యేది కాదు. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నా. ఇది కొంత మా ఇంటి గొడవ, కొంత కృష్ణా నది చరిత్ర. రెండూ విడదీసి చెప్పడం నాకు చేతకాలేదు.

మాది నల్లగొండ జిల్లా, దేవరకొండ దగ్గర పల్లె. మా ఆవిడది తెనాలి పక్కన. ఇద్దరం హైదరాబాదులో ఒకే ప్రాజెక్టులో ఉండేవాళ్లం, 2005లో పెళ్లి. "ఇద్దరూ తెలుగువాళ్లేగా, ఇందులో వేరే సంస్కృతి ఏముంది?" అని మీరనొచ్చు. పెళ్లైన మొదటి వారంలో నేనూ అదే అనుకున్నా. మా పచ్చిపులుసు చూసి ఆవిడ "ఇది చారా, మరిగించడం మర్చిపోయారా?" అని అడిగిన రోజు నుంచీ ఆ మాట అనడం మానేశాను :)

2014లో నాకు షుగర్ బయటపడింది. హెచ్‌బీఏ1సీ 8.2. (మూడు నెలల సగటు చక్కెరను చెప్పే పరీక్ష. 6.5 దాటితే షుగరున్నట్టే.) కబురు తెలిసి మా అమ్మ ఊరి నుంచి ఐదు కిలోల జొన్నపిండి, ఒక సంచి తైదలు మోసుకుని దిగింది. దిగీ దిగగానే వంటింట్లోకి వెళ్లి బియ్యం డబ్బా మూత తీసి చూసింది.

"మూడు పూటల గీ అన్నమే పెడ్తే చక్కెర బీమారి రాక ఏమొస్తది? మా దిక్కు ఈ రోగమే లేకుండె" అంది.

మా ఆవిడ ఏమీ అనలేదు. రాత్రి నాతో అంది. "మా తాతగారు జీవితాంతం అన్నమే తిన్నారు. ఎనభై ఆరేళ్లు బతికారు. ఆయనకి లేని షుగరు నా వంట వల్ల నీకొచ్చిందా?"

ఇద్దరి మాటలోనూ తప్పు కనిపించలేదు, అదే చిక్కు. మన వృత్తిలో ఇద్దరు డెవలపర్లు ఎవరి మాడ్యూలు వాళ్లు బానే ఉందంటున్నప్పుడు ఏం చేస్తాం? పాత వెర్షన్లన్నీ బయటికి తీసి, ఏ మార్పు ఎప్పుడు జరిగిందో చూస్తాం. నేనూ అదే చేశాను. సెలవుల్లో కొంత చదివాను, కొంత ఊళ్లో పెద్దవాళ్లని అడిగాను.

మొదట తేలింది ఇది. కృష్ణా నది ముందు మా దగ్గరికే వస్తుంది. కర్ణాటక దాటి పాలమూరు జిల్లాలో అడుగుపెట్టి, నల్లగొండ అంచు తాకుతూ పోయి, అప్పుడు గదా బెజవాడ చేరేది. కానీ నీళ్లు మాత్రం ముందు వాళ్ల పొలాలకి అందాయి. బెజవాడ దగ్గర ఇంగ్లీషువాళ్లు కట్టిన ఆనకట్ట 1855కల్లా పూర్తయింది. తెనాలి కాలవలు పారేది దాని కిందే. ఎగువన మా జిల్లాలో నాగార్జునసాగర్‌కి నెహ్రూ 1955 డిసెంబరు 10న పునాదిరాయి వేశాడు, ఇందిరాగాంధీ 1967 ఆగస్టు 4న కాలవలకి నీళ్లు వదిలింది. 1855కీ 1967కీ నడుమ 112 ఏళ్లు. మా అత్తగారింటి కంచానికీ మా కంచానికీ ఉన్న దూరం అదన్నమాట.

ఆ 112 ఏళ్లు మా దిక్కు ఏం తిన్నారు? చెరువుల కింద కాస్త తరి, మిగతాదంతా ఖుష్కి. పానగల్లులో కందూరు చోళుల కాలంనాటి ఉదయసముద్రంలాంటి పెద్ద చెరువులున్న చోట వరి పండేది. చెల్క భూముల్లో జొన్న, సజ్జ, కొర్ర, ఆముదాలు. పొద్దున అంబలి, మధ్యాహ్నం గట్క, రాత్రికి రొట్టె. వరి బువ్వ పండుగకి, లేదా ఇంటికి అల్లుడొచ్చినప్పుడు. చుట్టానికి జొన్నరొట్టె పెట్టి పంపితే మర్యాద తక్కువ చేసినట్టు. మా అమ్మ చిన్నతనంలో "వాళ్లింట్ల దినాం వరి బువ్వనేనట" అంటే ఆ ఇల్లు కలిగినదని లెక్క.

సాగర్ వచ్చాక కూడా నీళ్లు అందరికీ రాలేదు. ఎడమ కాలవ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ దిక్కు పచ్చబడింది, రైస్ మిల్లులు వరసగా లేచాయి. గుంటూరు, కృష్ణా జిల్లాల వాళ్లు వచ్చి పొలాలు కొనుక్కున్నారు. ఆనకట్టకి దగ్గర్లోనే ఉన్న మా దేవరకొండ ఎత్తు మీద ఉండిపోయింది. పాలమూరు సంగతి ఇంకా ఘోరం. దేశంలో ఎక్కడ డ్యాం కడుతున్నా రాళ్లు మోసింది 'పాలమూరు లేబరు', వాళ్ల చేలు మాత్రం వాన కోసం చూస్తూ ఉండేవి. కల్వకుర్తి ఎత్తిపోతల లాంటి వాటితో అక్కడ వరి విస్తరించింది 2010 తర్వాతే.

అయితే నీళ్లు రాని ఊళ్లకి కూడా బియ్యం వచ్చాయి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టింది. ఆకలి తీర్చిన పథకం అది, నేను దాన్ని తప్పు పట్టను. చిన్నప్పుడు ఆ సంచి పట్టుకుని లైన్లో నిలబడ్డవాణ్నే. కానీ లెక్క చూడండి. జొన్నలు దంచాలి, చెరగాలి, విసరాలి, పొయ్యి ముందు కూచుని ఒక్కో రొట్టె చేత్తో తట్టాలి. బియ్యం కడిగి ఎసట్లో పోస్తే అయిపోయింది. పొలం పని చేసొచ్చిన ఆడమనిషి ఏది ఎంచుకుంటుంది? మా అమ్మ కూడా అదే ఎంచుకుంది. పది పదిహేనేళ్లలో పండుగ తిండి రోజువారీ తిండైంది. ఆ దారిలో తాజా మజిలీ 2025 ఉగాది. రేషన్ షాపుల్లో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇచ్చే పథకాన్ని రాష్ట్ర ప్రభుత్వం హుజూర్‌నగర్‌లోనే మొదలుపెట్టింది.

ఇంతవరకూ చదివేసరికి నాకు సమాధానం దొరికిపోయిందనిపించింది. బియ్యమే దోషి, మా జొన్నలు నిర్దోషులు. ఓ ఆదివారం మా ఆవిడ ముందు దీనిమీద పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. ఆవిడ మొత్తం విని, "మరి మీ తాతలు జొన్నలు తిని ఏ జబ్బూ లేకుండా ఉన్నారా?" అని ఒక్క ప్రశ్న వేసింది. మళ్లీ వెతుక్కున్నాను. వెతికితే దొరికింది, పెల్లాగ్రా.

తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) ఉంది కదా, అక్కడ సి. గోపాలన్, శ్రీకంఠయ్య అనే శాస్త్రవేత్తలు 1960లో లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. ఎండ తగిలేచోట చర్మం నల్లబడి పొలుసులు లేవడం, విరేచనాలు, ముదిరితే మతి చెదరడం, ఇవీ ఆ జబ్బు లక్షణాలు. నయాసిన్ అనే విటమిన్ తక్కువైతే వస్తుంది. అప్పటిదాకా అది మొక్కజొన్న తినేవాళ్ల జబ్బు అనుకునేవారు. దక్కన్‌లో జొన్న తప్ప వేరే ఏమీ దొరకని పేదల్లో కూడా వస్తోందని వాళ్లు గుర్తించి, జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ దానికి కారణం కావొచ్చన్నారు. ల్యూసిన్ సంగతి మీద తర్వాత చాలా వాదనలు జరిగాయి. కానీ ఉత్త జొన్న మీదే బతికిన బీదవాడి ఒంటికి ఏదో తక్కువయ్యిందన్న మాట మాత్రం నిలిచింది.

మా ఆవిడ మొహంలో విజయగర్వం ఒక పూట కూడా నిలవలేదు. అదే సంస్థ పాత చరిత్ర చదివితే వాళ్ల వైపు జబ్బు కూడా బయటపడింది! ఎన్ఐఎన్ మొదట నీలగిరుల్లో కూనూరులో ఉండేది. మెక్‌కారిసన్ అనే డాక్టరు 1918లో పెట్టిన చిన్న పరిశోధనశాల అది, 1958లో హైదరాబాదుకి మారింది. ఆయన 1920లలో పరిశోధన చేసిన వాటిలో బెరిబెరి ఒకటి. కాళ్లు తిమ్మిరెక్కి, వాచి, గుండె దెబ్బతినే జబ్బు. అప్పటి మద్రాసు రాష్ట్రంలో అది బాగా కనిపించింది ఉత్తర సర్కారుల్లో, అంటే మన కోస్తాలో. దంపుడు బియ్యం పోయి మిల్లులో తెల్లగా పాలిష్ పట్టిన పచ్చి బియ్యం రావడంతో, తౌడుతోపాటు బి1 విటమిన్ కూడా పోయింది. ఉప్పుడు బియ్యం తినేచోట ఆ జబ్బు పెద్దగా లేదు.

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. జొన్నవాళ్లకి జొన్న జబ్బు, బియ్యంవాళ్లకి బియ్యం జబ్బు. కంచంలో ఒకే గింజ మిగిలిన ప్రతిచోటా ఏదో ఒక జబ్బు వచ్చింది. మా అమ్మ అన్న 'మా దిక్కు', మా ఆవిడ అన్న 'మా తాతగారు', రెండూ సగం సగం కథలే. షుగర్ ఒక్కటే రెండు వైపులకీ ఉమ్మడిగా వచ్చిన జబ్బు.

మరి షుగర్ ఎందుకొచ్చినట్టు? తెనాలి తాతగారు అన్నం తిన్నమాట నిజమే, కానీ పొద్దున్నించి సాయంత్రం దాకా అరక వెనక నడిచారు. నేను అదే అన్నం తిని పన్నెండు గంటలు కుర్చీలో కూచుంటాను. దీనికి తోడు ఇంకో సంగతి ఉంది. పుణేలో డాక్టర్ యాజ్ఞిక్ చూపించినట్టు, మన పిల్లలు పుట్టుకతోనే బరువు తక్కువ, ఒంట్లో కొవ్వు పాలు ఎక్కువ. పైకి సన్నగా కనిపిస్తూనే షుగర్‌కి దగ్గరగా ఉంటాం. ఎన్ఐఎన్ వాళ్లు 1987-90 మధ్య హైదరాబాదు పక్క పల్లెల్లో ఒక పని చేశారు. కొన్ని ఊళ్లలో గర్భిణులకీ ఆరేళ్లలోపు పిల్లలకీ అదనపు తిండి అందింది, పక్క ఊళ్లలో అందలేదు. పదిహేనేళ్ల తర్వాత వెళ్లి చూస్తే, తిండి అందిన ఊళ్ల పిల్లలు ఒకటిన్నర సెంటీమీటరు దాకా పొడవు ఎక్కువ ఉన్నారు, వాళ్లలో ఇన్సులిన్‌ని ఒళ్లు లెక్కచేయని గుణం కూడా తక్కువగా కనిపించింది. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది ఇది. అంటే తల్లి కడుపులో ఉన్నప్పటి కరువు కూడా ఈ లెక్కలో ఉంది. ఇక వంటమనిషిని నిందించి ఏం లాభం?

ఇదంతా బుర్రకి ఎక్కింది గానీ ఇంట్లో గొడవ తీరింది మాత్రం పుస్తకాల వల్ల కాదు. 2015లో ఒక రాత్రి వల్ల.

అప్పటికి అమ్మ మాట మీద రాత్రిపూట అన్నం పూర్తిగా మానేసి గిన్నెడు అంబలి తాగి పడుకునేవాణ్ని. డాక్టరు రాసిన మాత్రల్లో మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమెపిరైడ్ కూడా ఉంది. అది తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ని బయటికి తోస్తుంది. తిండి తగ్గించిన సంగతి నేను డాక్టరుకి చెప్పలేదు. ఆ రాత్రి ఒంటిగంటకి ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు, మాట తడబడుతోంది. అమ్మ దిష్టి అనుకుని ఉప్పు తేవడానికి లేచింది. మా ఆవిడ మీటరు తెచ్చి వేలు గుచ్చింది. 54. మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించింది. నాకు షుగరుంటే చక్కెర పోస్తోందని మా అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది కూడా. పదిహేను నిమిషాల తర్వాత 92. తర్వాత కాస్త పెరుగన్నం.

నాకు మాట తేరుకున్నాక అమ్మ వంటింటి గడప మీద కూచుని ఏడవడం మొదలుపెట్టింది. అప్పుడు చెప్పింది ఎన్నడూ చెప్పని మాట.

మా నాయన ప్రైమరీ స్కూలు టీచరు. ఆయనకి 1996లోనే షుగరని తెలిసింది. ఇంట్లో చెప్పలేదు. చెబితే వరి బువ్వ మాన్పిస్తారని, పెళ్లిళ్లలో పక్కన కూచోబెట్టి రొట్టె పెడతారని, నామోషీ. అమ్మకి తెలిసింది 2001లో, కాలి పుండు మానక బొటనవేలు తీసేసినప్పుడు. కిడ్నీలు పోయి 2009లో వెళ్లిపోయాడు. "అయిదేండ్లు నా చేత్తోనే మూడు పూటల అన్నం పెట్టిన. పంతులు గదా, కడుపునిండ తినాలె అని ఇంకింత ఏసిన. ఒక్క మాట చెప్తే నేను రొట్టె తట్టకపోదునా?" అంది.

అమ్మ మా ఆవిడని అన్న మాటలన్నీ తనని తాను అనుకుంటున్నవే అని ఆ రాత్రి గానీ తెలియలేదు మాకు. మా ఆవిడ వెళ్లి పక్కన కూచుంది. "పొద్దున్న నాకు రొట్టె తట్టడం నేర్పండి అత్తయ్యా" అంది. పెళ్లైన పదేళ్లకి మొదటిసారి మా అమ్మ ఆవిడని "బిడ్డా" అని పిలిచింది.

మర్నాడు ముగ్గురం డాక్టరు దగ్గరికెళ్లాం. తిండి మార్చినప్పుడు చెప్పకపోవడం నా తప్పేనని గట్టిగానే అక్షింతలు పడ్డాయి, మాత్ర డోసు ఆయనే తగ్గించాడు. ఆ తర్వాత మేం చేసిన పని మీకందరికీ నచ్చుతుంది: టెస్టింగు. ఒక నోటు పుస్తకం, ఒక మీటరు. ఏది తిన్నా మొదటి ముద్ద తిన్న రెండు గంటలకి చదివిన అంకె, పక్కన ఎవరి వంటో. నెల రోజులు. కొన్ని అంకెలు:

ముద్దపప్పు, ఆవకాయతో కంచం నిండా అన్నం: 218.
రెండు జొన్నరొట్టెలు, అనపకాయ కూర: 151.
పెద్ద చెంబుడు తైదంబలి: 196.
ముందు కూర, పప్పు తిని, ఆ తర్వాత కప్పు అన్నం, పెరుగు: 158.
రొట్టెలు నాలుగైతే: 203.

ఇవి నా ఒంటి అంకెలు, మీ అంకెలు వేరే ఉంటాయి. కానీ మా ఇంట్లో ఈ పుస్తకం చేసిన మేలు అంతా ఇంతా కాదు. అంబలి అంకె చూసి మా అమ్మ, ముద్దపప్పు అంకె చూసి మా ఆవిడ, నాలుగు రొట్టెల అంకె చూసి నేను, ఎవరి వంతుకి వాళ్లం నోరు మూసుకున్నాం. మెత్తటి పిండి పల్చగా కాచి గటగటా తాగితే అది తైదలైనా త్వరగానే రక్తంలోకి పోతుంది.

ఆ తర్వాత వచ్చిన పరిశోధనలు కూడా మా పుస్తకానికి దగ్గరగానే ఉన్నాయి. 2021లో పటాన్‌చెరు ఇక్రిశాట్ వాళ్లు చాలా అధ్యయనాల్ని కలిపి లెక్కగట్టారు. చిరుధాన్యాల సగటు గ్లైసీమిక్ ఇండెక్స్ 52.7 అని, పాలిష్ బియ్యం, మైదా కంటే అది బాగా తక్కువని తేల్చారు. (తిన్నది రక్తంలో చక్కెరని ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే అంకె అది. గ్లూకోజు 100. 55 లోపు ఉంటే తక్కువ కింద లెక్క.) అయితే అందులో జొన్న, రాగి మధ్యరకంలో ఉన్నాయి, కొర్రలు తక్కువ రకంలో. ఇటు బియ్యంలోనూ అన్నీ ఒకటి కావు. సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి తెచ్చిన మెరుగుపరచిన సాంబ మసూరికి 50.99, రాజేంద్రనగర్‌లో పుట్టిన తెలంగాణ సోనాకి 51 చిల్లర. అంటే 'బియ్యమా జొన్నలా' అన్న మా యుద్ధంలో రెండు పక్షాలూ గెలవలేదు. ఏ రకం, ఎంత, దేనితో, ఎప్పుడు అన్నవే మిగిలాయి.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఆ నెలలో ఒకరోజు సరదాకి మా ఆవిడ కూడా వేలు గుచ్చుకుంది. పరగడుపున 112. ల్యాబులో చేయిస్తే ప్రీ డయాబెటిస్ అన్నారు. 2014లో బీఎంసీ మెడిసిన్‌లో కెనడా మెక్‌గిల్ విశ్వవిద్యాలయం వాళ్ల పరిశీలన ఒకటి వచ్చింది. భార్యాభర్తల్లో ఒకరికి షుగరుంటే రెండోవాళ్లకి వచ్చే అవకాశం 26 శాతం ఎక్కువని. వీళ్లకి రక్తసంబంధం లేదు గదా! ఉన్నది ఒకే వంటిల్లు, ఒకే సోఫా, ఒకే నిద్రవేళలు. కాబట్టి ఒకరికొచ్చిన షుగరు రెండోవాళ్లకి ముందస్తు నోటీసు కూడా. మన దేశంలో 10.1 కోట్ల మందికి షుగరుందనీ, ఇంకో 13.6 కోట్ల మంది అంచున ఉన్నారనీ ఐసీఎంఆర్ సర్వే 2023లో లెక్క చెప్పింది. మా ఇంట్లో ఆ మొదటి లెక్కలో నేనున్నాను, రెండో లెక్కలో మా ఆవిడ.

అప్పట్నుంచీ మా ఇంట్లో 'నీ పత్యం' అన్న మాట లేదు. అందరికీ ఒకటే వంట. రాత్రి రొట్టె, మధ్యాహ్నం కొలిచిన కప్పు అన్నం, రెండిటికీ ముందు కూర. తెనాలి నుంచి ఆవకాయ, దేవరకొండ నుంచి అనపకాయలు, ఏదీ బహిష్కరించలేదు. భోంచేశాక ఇద్దరం అపార్టుమెంటు చుట్టూ ఇరవై నిమిషాలు నడుస్తాం. మా కాపురంలో ఫోన్లు లేకుండా మాట్లాడుకునే టైము అదొక్కటే.

కష్టమల్లా చుట్టాలతోనే. అత్తగారి ఊళ్లో సంక్రాంతికి అరిసె వద్దంటే అలుగుతారు, మా ఊళ్లో సద్దుల బతుకమ్మకి మలీద ముద్ద వద్దంటే "మాది పనికిరాలేదా?" అంటారు. దీనికి మేం ఒక ఒప్పందానికొచ్చాం. మా వాళ్ల దగ్గర నా తరఫున నేనే వద్దంటాను, వాళ్లవాళ్ల దగ్గర నా తరఫున ఆవిడే వద్దంటుంది. సొంతపిల్లలు వద్దంటే మందలించి ఊరుకుంటారు, అల్లుడో కోడలో వద్దంటే అవమానమవుతుంది. వేరే వేరే చోట్ల నుంచి వచ్చిన దంపతులకి నేను ఇవ్వగలిగిన సలహా ఏదైనా ఉంటే ఇదొక్కటే, పైసా ఖర్చు లేదు.

నా హెచ్‌బీఏ1సీ ఇప్పుడు 6.7. ఒక్కోసారి 7 దాటుతుంది, మళ్లీ పుస్తకం తీస్తాం. మా ఆవిడది అంచు మీదే ఉంది, దాటలేదు.

ఇక మక్తల్ తమ్ముడూ, నీ ప్రశ్నకి జవాబు. నీది రాయచూరు పక్క జొన్నరొట్టె దేశం, మీ ఆవిడది చేప, అన్నం దేశం. రేపు నీ రిపోర్టు బయటపడితే మీ ఇద్దరి అమ్మలూ తప్పెవరిదో వెతుకుతారు. వెతకనీ. ఆ తప్పు మీరిద్దరూ పుట్టకముందు నుంచీ కాలవల్లో, మిల్లుల్లో, కరువుల్లో, ఇప్పుడు మన కుర్చీల్లో పంచుకుని ఉంది. దాన్ని తెచ్చి ఒక పిల్ల నెత్తిన పెట్టడానికి వీల్లేదని చెప్పాల్సింది నువ్వే. దానికి ముందు రిపోర్టు ఆమెకి చూపించాలి.

ఆమె నలుగుతుందని దాస్తున్నానన్నావు. మా నాయన కూడా దాదాపు అదే ఆలోచించాడు. అయిదేళ్లు తెలియకుండా పెట్టిన అన్నం గురించి మా అమ్మ ఇప్పటికీ కంచం ముందు కూచున్నప్పుడు ఒక్కోసారి ఆగిపోతుంది. మీ ఆవిడకి ఆ బరువు ఇవ్వకు.

ఈ రాత్రికే చూపించు. చూపించాక ఇద్దరూ వేలు గుచ్చుకోండి. నోటు పుస్తకం నేను కొనిపెడతా.